ముందుగా తెలియజేయని క్యాచ్

ఆటలో పొరపాటు చేయదలచిన వారు సదరు పొరపాటును రెండు దినముల ముందుగా, మూడు ప్రతులలో, కార్యాలయమునకు తెలియజేయవలెనని ఉత్తర్వు వచ్చిన పొద్దున, వనమాల ఇరవై రెండు మెట్లలో పద్నాలుగో మెట్టు మీద నీళ్ల బిందెతో ఉంది. మేడ మీద గది గుమ్మంలో నిలబడి ఆమె భర్త గంగమోహన్ ఆ కాగితాన్ని పైకి చదివాడు. అతను చదవడం ఆపేదాకా ఆమె ఆ మెట్టు మీదే ఆగింది. నడుము మీద బరువున్నప్పుడు ఏ సంగతైనా తొందరగా బుర్రకెక్కుతుంది.

"అంటే, బంతి కింద పడేస్తమని ముందుగాలనే రాసియ్యాల్నా?" అంది.

"గట్లనే ఉంది."

"రాసిచ్చి పడెయ్యకపోతే?"

"గది రాయలే. పేజీ ఐపోయింది."

గంగమోహన్ బేస్‌బాల్ ఆడతాడు. అదే అతని ఉద్యోగం. మంజీరానగరంలో ఈ ఆట తెలియని వాళ్లు లేరు. తెలియని ఊళ్లవాళ్ల కోసం చెప్పాలంటే, పిచ్చర్ అనేవాడు బంతి విసురుతాడు, బ్యాటరు కర్రతో బాదుతాడు, బాదినవాడు బేసులనే నాలుగు మూలలూ చుట్టి రావాలి. బంతి నేల తాకేలోపు అవతలివాళ్లు పట్టుకుంటే వాడి పని అయిపోయినట్టే. అంటే పట్టడం ఆటలో సగం.

ఆ సగాన్ని ఇరవై ఆరేళ్ల కింద అమ్ముకున్నారు. లీగు పెట్టిన మూడో ఏడు, ఫైనల్‌కి ముందురోజు, అందరికంటే గొప్ప జట్టులోని ఎనిమిది మంది ఒక లాడ్జి గదిలో కూర్చుని ఏ బంతి ఎవరు వదలాలో మాట్లాడుకున్నారు. మర్నాడు మాట తప్పకుండా వదిలారు. కేసు కోర్టుకెక్కింది. సాక్ష్యాల కట్టను చెదలు తిన్నాయి. జడ్జిగారు నిర్దోషులన్నారు, జనం దండలు వేసి ఊరేగించారు, ఆ దండలు వాడిపోకముందే లీగు నడిపే సమాఖ్య ఆ ఎనిమిది మందినీ జీవితాంతం నిషేధించింది. ఎనిమిది పేర్లూ స్టేడియం గేటు దగ్గర నల్లబోర్డు మీద తెల్లరంగుతో రాయించింది. అప్పటినుంచి సమాఖ్యకు ఆట మీద కంటే ఆటగాళ్ల మీద శ్రద్ధ పెరిగింది.

ఇప్పుడు వచ్చిన ఉత్తర్వు ఆ శ్రద్ధలో తాజా మెట్టు.

మంజీర మెరుపులు జట్టులో గంగమోహన్‌కిది పదో ఏడు. పదేళ్లు మచ్చలేని రికార్డుతో ఆడి దిగినవాడికి క్రీడా పాఠశాలలో కోచ్ ఉద్యోగమిచ్చే పద్ధతి సమాఖ్యలో ఉంది. ఉద్యోగంతోపాటు ఆవరణలోనే క్వార్టరు. ఆ క్వార్టరు వంటింట్లో నల్లా ఉంది. వనమాల ఒకరోజు పనిగట్టుకుని పోయి, ఆ నల్లా తిప్పి, నీళ్లు రావడం చూసి, మళ్లీ కట్టేసి వచ్చింది. ఇక మిగిలింది పదకొండు మ్యాచులు. పదకొండు ఆదివారాలు మచ్చ పడకపోతే చాలు.

ఉత్తర్వు సంగతి వివరించడానికి కొత్త విశుద్ధి కమిషనర్ పురంధర్ రావు గారు ఆటగాళ్లనూ వాళ్ల భార్యలనూ కార్యాలయం హాలుకు పిలిపించారు. ఆయన తూనికలు కొలతల శాఖలో ముప్పై మూడేళ్లు చేసి రిటైరయ్యారు. ఆ ముప్పై మూడేళ్లలో లంచం ముట్టలేదు, సెలవు పెట్టలేదు, బేస్‌బాల్ చూడలేదు. మూడో అర్హత చూసే తీసుకున్నారని చెప్పుకున్నారు. ఆట తెలిసినవాడికి ఆటగాళ్ల మీద జాలి ఉంటుందట.

"సోదరులారా," అన్నారు కమిషనర్ గారు. "ఆ ఎనిమిది మంది చేసిన నేరమేమి? బంతిని వదలుటయా? కాదు. బంతిని వదలని ఆటగాడు లోకమున లేడని నాకు నివేదికల ద్వారా తెలియవచ్చినది. వదలబోవుచున్నామని ముందుగా తెలిసియుండియు కార్యాలయమునకు తెలుపకపోవుటయే వారి నేరము. దాచినచో కుట్ర. దాఖలు చేసినచో సమాచారము."

పక్కన నిలబడ్డ క్లర్కు మాణిక్యం చప్పట్లు కొట్టాడు. హాల్లో చప్పట్లు కొట్టడం అతని విధుల్లో ఉంది.

మెరుపులు జట్టులో కుర్ర ఫీల్డరు బుచ్చన్న లేచాడు. "సార్, పొరపాటు అయ్యేది ముందుగాల ఎట్ల తెలుస్తది సార్? తెలిస్తే చెయ్యం గద."

"మంచి ప్రశ్న," అన్నారు కమిషనర్ గారు. "తెలియక చేసినచో అది ప్రకటింపబడని పొరపాటు అగును. దానిపై విచారణ ఉండును."

బుచ్చన్న కూర్చున్నాడు. కూర్చున్నాక గంగమోహన్ చెవిలో, "జవాబు మంచిగనే ఉందన్నా, ప్రశ్ననే యాడికో పోయింది," అన్నాడు.

పొరపాట్లు తెలియజేసే ఏడో నంబరు ఫారంలో నలభై గడులున్నాయి. కొట్టివేతలుంటే తిప్పి పంపుతారు. వనమాల రాత గుండ్రంగా, గడి దాటకుండా ఉంటుంది. ఆమె బి.ఏ. చదువులో ఇంతకాలం ఎవరికీ అక్కరకు రాని భాగం అదొక్కటే. మొదటి వారం మొగుడి ఫారం రాసింది. అది ఒక్కసారికే ఆమోదం పొందిందని తెలిసి, మిగతా ఎనిమిది మందీ వదినా, అక్కా అంటూ మెట్లెక్కి వచ్చారు. వచ్చేటప్పుడు కిందినుంచి తలా ఒక బిందె తెమ్మంది. ఆ సీజన్‌లో ఆమెకు కలిగిన లాభం అదే.

మొదటి ఆదివారానికి తొమ్మిది మందీ 'చేయబోవు పొరపాట్లు' అన్న చోట 'లేవు' అని రాయించారు. ఆరో ఇన్నింగ్స్‌లో బుచ్చన్న పైకి చూసి, కళ్లలో ఎండ పడి, బంతిని వదిలాడు.

విచారణ మూడు రోజులు జరిగింది. ఉత్తర్వులో ఇలా ఉంది: 'సూర్యుని కాంతి కన్నులలో పడినదని ఆటగాడు వాదించెను. అయితే సాయంసమయమున సూర్యుడు పడమటి దిక్కుననే ఉండుననునది లోకవిదితము. ఆటగాడు తాను పడమటి ముఖముగా నిలబడెదనని ముందుగానే ఎరుగును. కావున ముందుగా తెలియదనుట అంగీకారయోగ్యము కాదు.' బుచ్చన్నను రెండు మ్యాచులు కూర్చోబెట్టారు.

రెండో వారం ఎవరూ 'లేవు' అనే సాహసం చేయలేదు.

"నాకు మూడు రాయి చాలు," అన్నాడు గంగమోహన్.

"మూడేంది? నాలుగోది పడితే నల్లా పోతది. పద్నాలుగు రాస్తున్న."

"పద్నాలుగు బంతులు నా దిక్కు రానే రావు గద."

"రాకపోతే ఇంకా మంచిది. పడవు."

మంచిది కాలేదు. ప్రకటించిన పద్నాలుగింటిలో ఒకటే చేసినందుకు సోమవారం నోటీసు వచ్చింది. పొరపాట్లు చేయుదునని కార్యాలయమును నమ్మించి చేయకపోవుట తప్పుడు ప్రకటన అగునని, మొదటిసారి గనుక హెచ్చరికతో విడిచిపెట్టడమైనదని, ఇకమీదట ప్రకటించిన ప్రతి పొరపాటును విధిగా పూర్తి చేయవలెనని అందులో ఉంది.

మూడో ఆదివారం ఆఖరి ఇన్నింగ్స్‌కి మెరుపులు జట్టు ఇంకా పదకొండు బంతులు వదలాల్సి ఉంది. గంగమోహన్ దగ్గరికి ఒక బంతి దొర్లుకుంటూ వచ్చింది. అతను దాన్ని తీసి వదిలాడు. మళ్లీ తీసి వదిలాడు. అలా నాలుగుసార్లు చేసి, అంపైరు తన కాగితంలో నాలుగు టిక్కులు పెట్టాక, బంతిని పిచ్చర్‌కి విసిరాడు. తనవంతు పూర్తి కాని రెండో బేసు ఆటగాడు దాన్ని మధ్యలో అందుకుని తానూ రెండుసార్లు పడేసుకున్నాడు. ఈలోగా అవతలి జట్టువాళ్లు పరుగెత్తి పరుగెత్తి అలిసిపోయి మూడో బేసు దగ్గర నీళ్లు తాగారు.

పొరపాట్లే కాదు, ఆటలో చేయబోయేదంతా ప్రకటించాలని ఆ తరవాత ఇంకో ఉత్తర్వు రావడంతో ఇంకో చిక్కు వచ్చింది. పోచంపాడు పిడుగులు జట్టులో ఇర్ఫాన్ అనే బలమైన బ్యాటరున్నాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో బంతిని కంచె అవతలికి బాదుతానని అతను ప్రకటించాడు. అదే ఇన్నింగ్స్‌లో ఇర్ఫాన్‌ను మూడు బంతుల్లో ఔట్ చేస్తానని మెరుపుల పిచ్చర్ ప్రకటించాడు. రెండు ఫారాలూ ముద్ర పడి ఆమోదం పొందాయి. మాణిక్యం వాటిని పక్కపక్కన పెట్టుకుని చెమటలు పట్టి కమిషనర్ గారి గదికి పరుగెత్తాడు.

"ఒకే బంతికి రెండు గతులు ఉండరాదు," అన్నారు కమిషనర్ గారు. ముప్పై మూడేళ్లు ఒకే కిలోకి ఒకే బరువు ఉండాలని పోరాడిన మనిషి ఆయన. "ఇకపై ప్రతి బుధవారము ఉభయ జట్లతో సమన్వయ సమావేశము జరుపవలెను."

బుధవారాలు హాల్లో బల్లలు కలిపి వేసేవారు. ఇటు తొమ్మిది మంది, అటు తొమ్మిది మంది, నడుమ అంపైరు. మిర్చి బజ్జీలు, చాయ్. ఫారాలు రాసే మనిషిగా వనమాల కూడా ఓ చివర కూర్చునేది. ఒక్కో బంతికి ఒక్కో అంశం నంబరు. ఎవరు విసురుతారు, ఎవరు బాదుతారు, ఎటు పోతుంది, ఎవరు వదులుతారు, అన్నీ తేలాక ఉభయులూ సంతకం చేసేవారు. మధ్యాహ్నం మూడింటికల్లా ఆట అయిపోయేది. ఫలితం బేస్తవారం నోటీసుబోర్డు మీద అతికించేవారు. ఆదివారం స్టేడియంలో జరిగేదాన్ని కార్యాలయం భాషలో అమలు అనేవారు.

మొదట్లో జనం ఎప్పటిలాగే వచ్చారు. గేటు దగ్గర అంశాల పట్టిక కొనుక్కుని, వేలు పెట్టి చదువుకుంటూ చూసేవారు. "ఏయ్, నూట నాలుగు దాటేసినవ్! ఎడమ దిక్కు పోవాలె!" అని పైనుంచి అరిచేవారు. ఆటగాడు నాలుక కరుచుకుని వెనక్కి వచ్చి మళ్లీ ఎడమ దిక్కు పోయేవాడు. కొన్నాళ్లకు పట్టిక కొన్నవాళ్లు ఇంట్లోనే కూర్చుని చదువుకోవడం నయమనుకున్నారు.

ఒకరోజు దామోదర్ సేటు మెట్లెక్కి వచ్చాడు. ఊళ్లో ఆట మీద పందేలు కట్టించుకునేవాళ్లలో పెద్ద చెయ్యి ఆయనది. గుమ్మంలో చెప్పులు విప్పి, వనమాల ఎదుట చాప మీద కూలబడ్డాడు.

"అమ్మా, కమిషనర్ సారుకు ఒక దరఖాస్తు రాసిపెట్టాలె. నీ రాతైతే చదువుతడంట."

"ఏమని సేటూ?"

"ఏమనేముందమ్మా! గెలిచేదెవ్వరో బేస్తవారమే గోడకు అతికిస్తున్నరు. పందెం ఎవడు కాస్తడు? ఇరవై ఆరేండ్ల కింద గా ఎనిమిది మంది కలిసినప్పుడు గూడ గింత అన్యాయం లేకుండె. ఆళ్లు ఎనిమిది మందే. మిగిలినోడొకడన్న నిజంగ ఆడిండు! ఇప్పుడు పద్దెనిమిది మంది, అంపైరు, ఆఫీసు, అందరు కలిసిన్రు."

"అది కలుసుడు కాదు సేటూ. సమన్వయం."

సేటు ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. ఆమె నవ్వకుండా కలం తీసింది.

ఆ దరఖాస్తును కమిషనర్ గారు అద్దం కట్టించి తన కుర్చీ వెనక గోడకు తగిలించారు. పందెపురాయుళ్లే జీవనము లేక మొరపెట్టుకొనుచున్నారనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను అన్నారు. ఆ ఏడు ఆట మొత్తంలో చాటుగా ముందే నిర్ణయమైన మ్యాచు ఒక్కటీ లేదు. రాజధానిలో ఆయనకు శాలువా కప్పారు. ఇంకో నాలుగు క్రీడల సమాఖ్యలు నమూనా ఫారాలు పట్టుకుపోయాయి.

గంగమోహన్ రికార్డు మాత్రం మచ్చ లేకుండా సాగింది. హెచ్చరిక మచ్చ కిందికి రాదు, ఆ తరవాత ప్రకటించినవన్నీ వదిలాడు, ఒక్కటి తక్కువ చేయలేదు, ఒక్కటి ఎక్కువ చేయలేదు. పది ఆదివారాలు గడిచాయి. ఫైనల్ ఒక్కటే మిగిలింది.

ఫైనల్ సమన్వయం పొద్దుగూకేదాకా సాగింది. ఆఖరి అంశం రెండువందల పన్నెండు. ఇర్ఫాన్ ఎడమ దిక్కుకు ఎత్తుగా బాదును, గంగమోహన్ వెనక్కి పరుగెత్తి వదులును, పిడుగులు గెలుచును.

గంగమోహన్ బజ్జీ పక్కన పెట్టాడు. "సార్, నేను పదేండ్ల సంది ఆడుతున్న. ఇది నా ఆఖరి బంతి. దీన్ని పట్టేటట్టు రాయరాదుండ్రి?"

"నాకేం లేదు భయ్," అన్నాడు ఇర్ఫాన్ వెంటనే. "పట్టుకో. నేను ఔటైత. మీరే గెలువుండ్రి."

అందరూ మాణిక్యం వైపు చూశారు. మాణిక్యం గొంతు సవరించుకున్నాడు. "కప్పు మీద పిడుగుల పేరు చెక్కుడైపోయింది. సోమవారమే ఇచ్చినం, పని ఆలస్యమైతదని."

"సోమవారమా? మీటింగు బుధవారం గద," అంది వనమాల.

"కార్యాలయమునకు దూరదృష్టి ఉండవలెను," అన్నారు కమిషనర్ గారు. గంగమోహన్ సంతకం పెట్టాడు.

ఆదివారం వనమాల గ్యాలరీలో కార్బన్ కాపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పట్టుమని రెండు వందల మంది లేరు. రెండువందల పదకొండు దాకా అన్నీ కాగితంలో ఉన్నట్టే జరిగాయి. కొందరు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

ఇర్ఫాన్ బాదాడు. ఫారంలో 'ఎత్తుగా' అని ఉంది గాని ఎంత ఎత్తుగా అన్న గడి లేదు. బంతి లైటు స్తంభాల కంటే పైకి పోయింది. గంగమోహన్ వెనక్కి తిరిగి పరుగెత్తాడు. వదలడానికి పరుగెత్తే పరుగు వనమాలకు తొమ్మిది వారాలుగా తెలుసు. అందులో కాళ్లు ముందే అలిసిపోయి ఉంటాయి. ఈ పరుగు అది కాదు. ఆమె కాగితం మడిచింది. అతను కంచె దాకా పోయి, ఒంటికాలి మీద వెనక్కి వంగి, ఎడమ చెయ్యి చాచి గాల్లోనే బంతిని అందుకుని, నేల మీద రెండుసార్లు దొర్లాడు. లేచాక గ్లవ్‌లోకి చూసుకున్నాడు. అందులో ఎవరో ఏదో పెట్టిపోయినట్టు చూసుకున్నాడు.

చెప్పులేసుకుంటున్న మనిషి ఒకడు ఒక చెప్పుతోనే లేచి అరిచాడు. రెండు వందల మందీ అరిచారు. పిడుగుల జట్టు కూడా అరిచింది, ఇర్ఫాన్ కర్ర పైకెత్తి ఊపాడు. అంపైరు కాగితం చూసుకున్నాడు, గ్లవ్ చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. "రెండువందల పన్నెండు ప్రకారం వదిలిండు. పిడుగులు గెలిచిండ్రు," అని ప్రకటించాడు.

ఇంటికొచ్చాక వనమాల గది తాళం తీస్తూ, "ఏందది?" అంది.

"ఏం జెయ్యాలె వనా. బంతి వచ్చింది. చెయ్యి పోయింది."

"చెయ్యి పోతుంటే నువ్వేం జేస్తున్నవ్?"

"నేను గూడ దానెంబడే పోయిన."

నేరారోపణ పత్రం మర్నాడే వచ్చింది. 'విషయము: ముందుగా తెలియజేయని క్యాచ్. బంతిని వదలుటకు లిఖితపూర్వకముగా అంగీకరించి, తదుపరి ఎవ్వరికిని తెలుపక, మనసులో పట్టుటకు నిశ్చయించుకొని పట్టితిరి. ఇది మ్యాచు గతిని రహస్యముగా ముందే నిర్ణయించుట కిందికి వచ్చును.' దస్తూరి తనదేనని చెప్పడానికి వనమాలను సాక్షిగా రమ్మన్నారు.

విచారణలో గంగమోహన్, మనసులో ఏమీ నిశ్చయించుకోలేదు సార్, అన్నాడు. నిశ్చయించుకోకుండా ఎవ్వరైనా అంత దూరము పరుగెత్తుదురా అన్నారు కమిషనర్ గారు. పదేళ్లు పరుగెత్తిన సార్, అలవాటైంది, అన్నాడు గంగమోహన్. కమిషనర్ గారు కలం మూత పెట్టి ఆలోచించారు. ఆయన చెడ్డ మనిషి కాదు. పదేళ్ల ఫైలు ఆయన ముందే ఉంది.

"నియమావళిలో ఒక వెసులుబాటు కలదు," అన్నారు. "ప్రమాదవశమున జరిగిన పొరపాటును క్షమించవచ్చును. మీరు పట్టుట ప్రమాదమని రుజువు కావలెను. అదే బంతిని, అదే చోట, అదే విధముగ మరల బాదింతుము. ఈసారి మీరు వదిలినచో, సహజముగా మీరు వదులువారేననియు, ఆదివారమునాడు చెయ్యి జారి పట్టితిరనియు నమోదు చేసెదము. మీ రికార్డునకు మచ్చ ఉండదు. ఉద్యోగ ఉత్తర్వు కూడ సిద్ధముగనున్నది."

మాణిక్యం ఆ ఉత్తర్వును అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టాడు. క్వార్టరు నంబరు వనమాలకు తలకిందులుగా కూడా చదవొచ్చింది. నాలుగు.

అందరూ స్టేడియానికి నడిచారు. మైదానం అంచున కమిషనర్ గారికి కుర్చీ వేశారు. ఆయన ఒక ఆటగాణ్ణి ఆట ఆడే చోట చూడటం ఇదే మొదలు. అమలు సంగతి నివేదికల్లో చదివేవారు. ఇర్ఫాన్ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. బంతి విసరడానికి బుచ్చన్న.

గంగమోహన్ లోపలికి పోయేముందు వనమాల దగ్గర ఆగి గ్లవ్ తొడుక్కున్నాడు.

"వదిలెయ్యి," అంది ఆమె మెల్లగా. "ఒక్కటే గద. ఇన్ని వదిలినవ్."

"సరే."

"కండ్లు మూసుకో, కావాలంటే."

"సరే అన్న గద."

ఆమెకు మూడు రోజులుగా కళ్లు మూసినా తెరిచినా ఆ నల్లా చప్పుడే వినబడుతోంది. అతను ఎడమ దిక్కున తన చోటికి పోయి నిలబడ్డాడు. బుచ్చన్న విసిరాడు, ఇర్ఫాన్ బాదాడు. ఇర్ఫాన్ మంచితనం కొద్దీ తక్కువ ఎత్తులో బాదాలనే అనుకున్నాడట. బంతి మాత్రం ఆదివారం కంటే పైకి లేచింది. గంగమోహన్ వెనక్కి నడిచాడు. పరుగెత్తలేదు. చేతులు కిందికి వేలాడేసుకుని, బస్సు పోయాక రోడ్డు దాటేవాడిలా నడిచాడు. బంతి అతని నెత్తి మీదికి దిగుతోంది. అంత నేరుగా దిగే బంతిని పట్టకుండా ఉండాలంటే పక్కకు తప్పుకోవాలి. అతను తప్పుకోవడానికి ఒక కాలు జరిపాడు.

"పట్టూ!"

ఆ కేక ఎవరిదో వనమాలకు వెంటనే తెలియలేదు. అందరూ తన వైపు తిరిగాక తెలిసింది. అప్పటికి గంగమోహన్ చెయ్యి పైకి లేచింది. బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు ఖాళీ స్టేడియంలో నాలుగు వైపుల నుంచీ వినబడింది.

ఆ వెంటనే ఇంకో చప్పుడు వినబడింది. కమిషనర్ గారు చప్పట్లు కొడుతున్నారు. రెండుసార్లు కొట్టి, మూడోసారి కొట్టబోయి, తన రెండు అరచేతుల వైపూ చూసుకున్నారు.

"రాయమంటరా సార్?" అన్నాడు మాణిక్యం.

"దానిని నమోదు చేయవలసిన పనిలేదు," అన్నారు కమిషనర్ గారు చేతులు ఒళ్లోకి దించుకుంటూ. "మిగిలినదంతయు నమోదు చేయుము."

జీవితకాల నిషేధ ఉత్తర్వు అందినట్టు మూడు ప్రతులలో సంతకం తీసుకున్నారు. గేటు దగ్గరి బోర్డు మీద తొమ్మిదో పేరు రాయించారు. పై ఎనిమిది పేర్ల పక్కనా 'బంతులు వదలినందుకు' అని ఉంటే, కింది పేరు పక్కన 'బంతి పట్టినందుకు' అని రాశారు. రంగు వేసినవాడు అనుమానమొచ్చి రెండుసార్లు ఆఫీసుకు పోయి అడిగి వచ్చాడు. పదేళ్ల నియమం సడలించి కోచ్ ఉద్యోగం బుచ్చన్నకు ఇచ్చారు. కూర్చోబెట్టిన రెండు మ్యాచులూ శిక్షాకాలం కిందికి పోగా, అతని రికార్డులో ప్రకటించిన పొరపాటు తప్పినది ఒక్కటీ లేదు.

ఉద్యోగంలో చేరిన నెలకు బుచ్చన్న రెండు బిందెలు మోసుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"అన్నా, నాకు పట్టుడు మర్చిపోయినట్టయితాంది. నిన్న వంటింట్ల గిన్నె జారితే చూసుకుంట నిలబడ్డ. వదినా, నవ్వకు. నిజంగనే."

"వదులుడు నేర్పు మరి. గదే గద సిలబస్," అంది వనమాల.

"పిల్లలు అడుగుతున్నరు వదినా, పట్టుడెప్పుడు చెప్తవని. నువ్వొచ్చి ముందుగాల నాకు మళ్ల నేర్పు అన్నా. గ్రౌండుల వద్దు. ఊరి బయట మూతపడ్డ రైసుమిల్లు ఉంది గద, దాని వడ్లు ఆరబోసే జాగల."

సోమవారం సాయంత్రం ముగ్గురూ పోయారు. తరవాతి సోమవారం ఇర్ఫాన్ వచ్చాడు. ఆ తరవాత ఒక్కొక్కరే, వేరు వేరు దార్లలో, గ్లవ్‌లు కూరగాయల సంచుల్లో దాచుకుని, ఎటు పోతున్నావని ఎవరైనా అడిగితే పెళ్లి మాటలకని చెప్పి వచ్చారు. నెల తిరిగేసరికి పద్దెనిమిది మంది అయ్యారు. మిల్లు గేటు దగ్గర బండరాయి మీద కూర్చుని వనమాల మామూలు నోటుపుస్తకంలో ఆట రాసేది. గడులు లేవు. జరిగాక రాయడమే.

ఒక సోమవారం మట్టిరోడ్డు మీద స్కూటరు చప్పుడైంది. వనమాల తొంగి చూసి, "ఓ, ఆఫీసు!" అని కేకేసింది. ఎగిరిన బంతి కింద నిలబడ్డ బుచ్చన్న చేతులు కట్టుకున్నాడు. బంతి అతని పక్కన పడింది. మిగతావాళ్లు ఎక్కడివాళ్లక్కడ దొరికిన బంతిని తీసి వదలసాగారు. అలవాటైన పని గనుక చూడముచ్చటగా వదిలారు.

పురంధర్ రావు గారు స్కూటరు స్టాండు వేసి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, గేటులోపలికి వచ్చారు. పద్దెనిమిది మందినీ చూశారు. నిషేధితుణ్ణి చూశారు. జేబులోంచి ఒక కాగితం తీసి వనమాల చేతికిచ్చారు.

'కొందరు వ్యక్తులు గోప్యముగా గుమికూడి, ప్రకటింపబడని క్యాచులను పట్టుచున్నట్లు కార్యాలయము దృష్టికి వచ్చినది. అట్టివారిపై కఠిన చర్య గైకొనబడును. ఈ విషయము తెలిసియు తెలుపని వారును సమాన దోషులగుదురు.'

తేదీ చూస్తే రేపటిది.

"ఇది రేపు మీకు అందును," అన్నారు. "నేడు ఇంకను అందలేదు."

వనమాల కాగితాన్ని మడిచి నోటుపుస్తకంలో పెట్టింది. బండరాయి మీద కొంచెం జరిగింది. కమిషనర్ గారు జేబురుమాలు పరిచి, దాని మీద కూర్చున్నారు. లోపల ఎవరూ కదలలేదు. ఆయన గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా, "కానివ్వండి," అన్నారు. గంగమోహన్ బంతిని బుచ్చన్నకు విసిరాడు. బుచ్చన్న పట్టాడు.

కాసేపటికి కమిషనర్ గారు నోటుపుస్తకంలోకి తొంగిచూశారు. పేజీలో పైసగం నిండి ఉంది, కింది సగం ఖాళీగా ఉంది.

"గెలుపు ఎవరిదమ్మా?"

"తెల్వదు సార్."

"తెలియదా?" అన్నారు ఆయన. అని, బండరాయి మీద ముందుకు జరిగి కూర్చున్నారు.